నీళ్లకు దారి

నవంబరు నెల. ఇంకా ఆరు కాలేదు. దొనకొండ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివర మీరు నిలబడి ఉన్నారు. పెద్ద చలి లేదు కానీ మంచు పట్టింది. సిమెంటు బెంచీ మీద చెయ్యి ఆనిస్తే తడి తగులుతోంది. కురిచేడు వైపు నుంచి ఒక మనిషి పట్టాల వెంట నడిచి వస్తున్నాడు. ఒంటి మీద నారింజ రంగు చొక్కా, భుజాన సుత్తి, చేతిలో పానా. నాలుగడుగులు వేస్తాడు, వంగి చూస్తాడు. ఒకచోట ఆగి వదులైన క్లిప్పు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ చప్పుడు మంచులో దూరం దాకా వెళ్తుంది. మళ్లీ నడుస్తాడు.

ఆయన్ని కీమ్యాన్ అంటారు. తన వంతుకు వచ్చిన నాలుగైదు కిలోమీటర్ల పట్టాను రోజూ కాలినడకన చూసి రావడమే ఆయన పని. పండగైనా, పబ్బమైనా, ముసురు పట్టినా ఎవరో ఒకరు ఆ వంతు నడవాల్సిందే. ఈ రోజంతా మీరు చూడబోయేది రైలు పట్టా కాదు, రోడ్డు. అయినా ఈ మనిషి నడకను కాస్త గుర్తుపెట్టుకోండి. సాయంత్రానికి దీనితో పని పడుతుంది.

దొనకొండ రైలు పెంచిన ఊరు. గుంటూరు నుంచి గుంతకల్లు దాకా మీటర్ గేజి నడిచిన కాలంలో ఇక్కడ లోకో షెడ్డు ఉండేది. ఆవిరి ఇంజన్లు ఇక్కడ నీళ్లు పట్టుకుని, బొగ్గు నింపుకుని బయల్దేరేవి. రైల్వే కుటుంబాలతో ఊరు కళకళలాడేది. ఆవిరి ఇంజన్ల కాలం ముగిసి, 1990లలో బ్రాడ్ గేజి వచ్చేసరికి ఆ సందడి సద్దుమణిగింది. ఊరి పక్కనే రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం ఉంది. బ్రిటిష్ వాళ్లు కట్టింది. యుద్ధం అయిపోయాక వాడుక తగ్గి అలాగే ఉండిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని ఎక్కడన్న చర్చలో దొనకొండ పేరు కొన్నాళ్లు పత్రికల నిండా కనిపించింది. ఆ తర్వాత పరిశ్రమల మాట వినిపించింది. ఇంజన్లు పోయినా, విమానాలు రాకపోయినా, రాజధాని ఇంకెక్కడికో వెళ్లినా, పొద్దున లేచి ఈ మండలంలోని మనిషి కాలు పెట్టేది రోడ్డు మీదే. పాల క్యాను, బడి పిల్లల ఆటో, పత్తి బస్తాల ట్రాక్టరు, నెలలు నిండిన ఆడబిడ్డ ఎక్కిన 108 అన్నీ పోవాల్సింది దాని మీదే.

స్టేషన్ బయట టీ బంకు దగ్గర ముగ్గురు మీకోసం కాచుకుని ఉన్నారు. ఒకాయన రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్. రెండో ఆయన గ్యాంగు మేస్త్రీ. యాభై దాటి ఉంటాయి. అరచేతుల గీతల్లో తారు నలుపు ఇంకి ఉంది. మూడో అబ్బాయి ట్రాక్టరు డ్రైవరు.

"రాండి సార్, టీ తాగండి. ఎండెక్కితే మాట్లాడే తీరిక ఉండదు," అంటాడు మేస్త్రీ.

ట్రాక్టరు ట్రాలీలో రెండు రకాల సన్న కంకర, పారలు, గడ్డపారలు, ఇనప తట్టలు, కొబ్బరి పీచు చీపుర్లు, పెద్ద తారు డ్రమ్ము, ఎమల్షన్ డబ్బాలు ఉన్నాయి. వెనకాల బేబీ రోలర్ వస్తోంది. మీరు ఇన్‌స్పెక్టర్ బండి వెనక ఎక్కి పొదిలి వైపు బయల్దేరతారు.

మొదటి కిలోమీటరు రాయి దగ్గరే బండి ఆగుతుంది. తల భాగం రంగు వెలిసింది. ఆయన చేత్తో దుమ్ము తుడుస్తూ చెబుతాడు: ఈ రాళ్ల తలలు చూస్తే రోడ్డు ఎవరిదో తెలుస్తుంది. పసుపు తల జాతీయ రహదారిది. ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారిది. నలుపో నీలమో తెలుపో కనిపిస్తే జిల్లా రహదారి. నారింజ రంగు తల కనిపిస్తే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె దారి. రాష్ట్ర రహదారులూ జిల్లా రహదారులూ రోడ్లు భవనాల శాఖ చూస్తుంది. పల్లె దారులు పంచాయతీరాజ్ ఇంజనీర్ల చేతిలో ఉంటాయి. ఊళ్లోపలి సిమెంటు వీధులు పంచాయతీవి. ఒకే ఆటోలో ఇంటి గడప నుంచి పట్నం ఆసుపత్రి దాకా పోయే మనిషి దారిలో ముగ్గురు నలుగురు యజమానుల రోడ్లు దాటి వెళ్తాడు. ఆ సంగతి అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదనిపిస్తుంది, గుంత పడి ఎవరికి చెప్పాలో తెలియనప్పుడు తప్ప.

"మాకు ఊరి పేర్లతో పని జరగదు సార్," అంటాడు ఇన్‌స్పెక్టర్. "ఆరు బై నాలుగు, ఆరు బై ఆరు. అట్టా రాసుకుంటాం." ఆరో కిలోమీటరు దాటాక నాలుగు వందల మీటర్ల దగ్గర ఒక గుంత, ఆరు వందల మీటర్ల దగ్గర ఇంకొకటి అని దాని అర్థం. గుంతకూ చిరునామా ఉంటుంది. ఆ చిరునామా రిజిస్టరుకు ఎక్కాలి. దాని మీద అంచనా తయారవ్వాలి, మంజూరు రావాలి, పని జరగాలి. జరిగిన పని పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎం బుక్‌లో రాయాలి. అప్పుడే బిల్లు.

రోడ్డుకు రెండు పక్కలా కంది చేలు పసుపు పూత మీద ఉన్నాయి. పత్తి చేలల్లో ఆడవాళ్లు ఒడి కట్టుకుని పత్తి తీస్తున్నారు. ఎక్కడ చూసినా చిల్లచెట్లే. ఆరు బై నాలుగు వచ్చింది.

గుంత పెద్దదేం కాదు. ఇంట్లో చాట పెడితే సరిపోయేంత. మొన్నటి వాన నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. మేస్త్రీ గొంతుక్కూర్చుని మిమ్మల్నీ కూర్చోమంటాడు.

"ఇప్పుడొక బండి వస్తది. కాస్త పక్కకి జరిగి నీళ్లనే చూడండి."

కంకర టిప్పరు వచ్చింది. టైరు గుంతలోకి దిగగానే నీళ్లు పక్కలకు ఎగిరాయి. అది అందరూ చూసేదే, తడిసిన బట్టలతో తిట్టుకునేదే. మేస్త్రీ చూడమన్నది ఆ తర్వాత జరిగేది. చక్రం దాటిపోయిన మరుక్షణం గుంత అంచున తారు కింద నుంచి సన్నటి బురద నీళ్లు బుడబుడమని పైకి ఉబికాయి. చక్రం ఒత్తినప్పుడు నీళ్లు తారు పొర కిందికి దూరాయి. చక్రం లేచేసరికి లోపలి మన్నును కూడా తీసుకుని బయటికి వచ్చాయి. ప్రతి బండీ ఇలా ఒకసారి ఒత్తి, ఒకసారి పీలుస్తుంది. రోజుకు ఎన్ని బండ్లు పోతే అన్నిసార్లు. పైన చాటంత గుంత కనిపిస్తుంది కానీ కింద పొర చాపంత మేర గుల్లైపోయి ఉంటుంది.

గుంతకు పుట్టుక ఒక సన్న పగులు. ఎండకు తారులోని జిగురు ఆరి బిరుసెక్కుతుంది. బరువుకు వెంట్రుక వాసి చీలిక ఇస్తుంది. ఆ చీలికలోంచి నీళ్లు దిగుతాయి. నీళ్లు కంకర నుంచి తారును ఒలిచేస్తాయి. మొదట ఒక్క రాయి ఊడుతుంది. దాని పక్క రాయికి ఆనుకోను ఏమీ ఉండదు, అదీ ఊడుతుంది. చీలిక దశలోనే తారు పోసి మూస్తే కాసిని రూపాయలతో పోయేది.

దొనకొండ పేరులో వినిపించే దొన మాట ఇక్కడ గుర్తొస్తుంది. కొండ రాతిలో సహజంగా ఏర్పడి నీళ్లు నిలిచే గుంటను మన భాషలో దొన అంటారు. పశువుల కాపరులకు, మేకలకు, పిట్టలకు ఎండాకాలంలో ఆ దొనే ప్రాణం. వాన కోసం ఏడాదంతా ఆకాశం వైపు చూసే నేల ఇది. బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు పడే ఊళ్లు ఈ పశ్చిమ ప్రకాశంలో ఎన్నో. చెరువులో, పొలంలో, దొనలో, ప్రతిచోటా నీళ్లు నిలవాలనే కోరుకుంటాం. నిలవకూడని చోటు రోడ్డు ఒక్కటే. ఈ గుంత పక్కన కూర్చున్నప్పుడు ఆ సంగతి మీకు మొదటిసారి ఒంటికి తగులుతుంది.

పని మొదలైంది. రెండు వైపులా ఎర్ర జెండాలు, వాటి ముందు కంపకొమ్మ అడ్డం. గడ్డపారతో గుంత చుట్టూ మంచి తారు కనిపించేదాకా చెక్కుతున్నారు. చాటంత గుంత పెద్ద చతురం అయింది. చెడింది పూడ్చడానికి బాగున్నది తవ్వడమేమిటని మీకు అనిపిస్తుంది. మేస్త్రీ చేతి అంచును నిట్టనిలువుగా పెట్టి చూపిస్తాడు. అంచు పళ్లెంలా వాలుగా ఉంటే కొత్త మాలు అక్కడ పలచనై నాలుగు రోజుల్లో లేచిపోతుంది. గోడలా నిలువుగా ఉంటే నాలుగు వైపులా బిగిసి నిలబడుతుంది.

లోపలి బురద తీశారు. తడి కంకర తీశారు. పొడి కంకర వేసి దిమ్మిస కొట్టారు. ఇద్దరు అక్కలు కొబ్బరి చీపుర్లతో ఊడుస్తున్నారు. ఒకసారి ఊడ్చి ఆగారు. మేస్త్రీ వేలితో అడుగును రాసి చూసి, వేలికంటిన దుమ్ము చూపించాడు.

"ఇంకోసారి అక్కా. దుమ్ము మీద తారు అంటుకోదు."

"నీ ఇంట్లో గూడా ఇంత శుభ్రంగా ఊడ్చి ఉండరులే మేస్త్రీ," అంటూ ఆమె మళ్లీ వంగింది. అందరూ నవ్వారు. ఆమె మాత్రం మూలమూలా ఊడ్చింది.

తర్వాత ఎమల్షన్ చల్లారు. డబ్బాలోంచి పడేటప్పుడు అది కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది. ఇప్పుడే మాలు వెయ్యకూడదు, కాసేపు చూడాలి. మీరూ చూస్తున్నారు. అంచుల్లోంచి మొదలై గోధుమ రంగు నెమ్మదిగా నల్లబడుతోంది. అందులోని నీళ్లు విడిపోతున్నాయి, తారు నేలను పట్టుకుంటోంది. అడుగంతా నిగనిగలాడే నలుపు తిరిగాక మేస్త్రీ చెయ్యి ఊపాడు.

తారు కలిపిన వేడి కంకర తట్టల్లో వచ్చింది. పొగ మొహానికి కొడుతోంది. ఇన్‌స్పెక్టర్ పొడవాటి థర్మామీటరును కుప్పలో గుచ్చి చూస్తున్నాడు. మనం వాడే వీజీ 30 రకం తారుతో కలిపిన మాలు పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల వేడి మీద ఉండాలి. రోలింగు 90 డిగ్రీలకు చల్లారకముందే అయిపోవాలి. చల్లారిన మాలును ఎంత తొక్కినా రాళ్లు ఒకదానిలో ఒకటి ఒదగవు. మధ్యలో ఖాళీలు మిగులుతాయి, ఆ ఖాళీల్లోకి వచ్చే ఏడు నీళ్లు దిగుతాయి. వానలో గుంతలు పూడ్చి వెళ్తే నెల తిరక్కుండా ఎందుకు లేచిపోతాయో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. తడి మీద, దుమ్ము మీద, చల్లారిన మాలుతో చేసింది పూడ్చడం కాదు, కప్పెట్టడం.

గుంతలో మాలు రోడ్డు మట్టం కంటే కొంచెం ఎత్తుగా పోశారు. బేబీ రోలర్ అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి తొక్కింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఎత్తు అణిగి రోడ్డులో కలిసిపోయింది. మూడు మీటర్ల పట్టీ అడ్డంగా పెట్టి కింద వెలుతురు కనబడుతుందేమో చూశారు. ఎక్కడా లేదు. ఇన్‌స్పెక్టర్ టేపు సాగదీసి కొలతలు రాసుకున్నాడు. ఒక గుంతకు అయిన సమయం చూసుకుంటే ముప్పావు గంట దగ్గర పడింది. అందులో మాలు పోసి తొక్కడానికి పట్టింది పది నిమిషాలే. మిగతాదంతా చెక్కడం, ఎండబెట్టడం, ఊడ్చడం, ఆగడం.

2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గుంతల రహిత రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టారు. అలాంటి కార్యక్రమం ప్రకటించాల్సి వచ్చిందంటేనే రాష్ట్రమంతా రోడ్ల మీద జనం ఎంత విసిగారో తెలుస్తుంది. ప్రకటన సభలో జరుగుతుంది, డబ్బు ఖజానా నుంచి వస్తుంది. ఆ డబ్బు నిలుస్తుందా కొట్టుకుపోతుందా అన్నది ఇదిగో, ఈ ఆరు బై నాలుగు దగ్గర చీపురు పట్టిన మనిషి రెండోసారి వంగిందా లేదా అన్న దాని మీద ఉంటుంది.

పదకొండు గంటలకు రోడ్డు మధ్యలోంచి అంచుకు వస్తారు. మీకు ఇంతవరకు రోడ్డు బల్లపరుపుగా కనిపించింది. మేస్త్రీ సీసాలోంచి కాసిని నీళ్లు మధ్యగీత మీద పోశాడు. నీళ్లు నిలవకుండా పక్కకు జారాయి. తారు రోడ్డుకు మధ్య నుంచి అంచుకు నూటికి రెండున్నర వాలు ఇస్తారు. అయిదున్నర మీటర్ల రోడ్డయితే మధ్య కంటే అంచు ఏడు సెంటీమీటర్లు పల్లం. నాలుగు వేళ్లంత వాలు. రోడ్డును కాపాడేది అదే. కానీ ఆ జారిన నీళ్లు అంచు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. తారు పక్కన ఉండాల్సిన మట్టి బెర్మ్ రోడ్డు కంటే జానెడు ఎత్తు పెరిగింది. దుమ్ము, గడ్డి, చిల్లచెట్ల ఆకు ఏళ్ల తరబడి పేరుకుని గట్టు కట్టాయి. నీళ్లు పోదామన్నా దారి లేదు.

ఇక్కడ పారలకు పని. బెర్మ్‌ను చెక్కి, రోడ్డు కంటే వాలుగా చేసి, ప్రతి ఇరవై ముప్ఫై అడుగులకొకచోట కాలువలోకి గండి తీస్తున్నారు. పక్కనే జంగిల్ క్లియరెన్స్. కత్తులతో చిల్లకంప కొడుతుంటే ముళ్లు చెప్పుల్లోంచి కూడా దిగుతున్నాయి. కంప కొట్టాక, అక్కడ ఒక పైపు తూము ఉందని మీకు తెలిసింది. మూడొంతులు మన్నుతో పూడిపోయి, మిగిలిన సందులో తొండ కాపురం పెట్టింది. ఒకబ్బాయి బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాచి ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి మట్టలు లాగుతున్నాడు. అవతలి నుంచి ఇంకొకడు పొడవాటి కర్రతో నెడుతున్నాడు. అరగంటకు పైపులో ఇవతలి నుంచి అవతలి వెలుతురు కనిపించింది. మేస్త్రీ వంగి ఆ వెలుతురు చూసి నిలబడ్డాడు. గుంత పూడ్చినప్పుడు కూడా ఆయన మొహంలో అంత తృప్తి కనిపించలేదు.

"గుంత పూడిస్తే జనం చూస్తారు సార్. తూము తీస్తే ఎవరూ చూడరు. కానీ తూము తీయకపోతే గుంత ఎన్నిసార్లు పూడ్చినా అంతే."

రెండు వందల ఏళ్ల కిందట స్కాట్లండ్ ఇంజనీరు మెకాడం 1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ రోడ్ల బాధ్యత తీసుకుని రుజువు చేసిన విషయమూ ఇదే. బరువు మోసేది రాయి కాదు, కింది నేల. నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుంది. పైన వేసే రాతి పొర పని ఆ నేలను పొడిగా ఉంచడం. ఆయన పేరే మన కంకర రోడ్ల లెక్కల్లో ఇప్పటికీ మెకాడం అని నడుస్తోంది.

మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్ది విప్పారు. అన్నం, గోంగూర పచ్చడి, పప్పుచారు. మీ ముందుకీ ఒక గిన్నె వచ్చింది. తింటూ బరువుల మాట వచ్చింది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలను అదే పనిగా తిప్పి ఒక లెక్క తేల్చారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసు మీద అనుమతించే బరువును 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. చూడ్డానికి టన్నుంబావు. ఇల్లినాయిస్ లెక్కలో చూస్తే నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆపై వేసుకునే అదనపు లోడు సంగతి వేరే. జిల్లా రోడ్డు ఎన్నో ఏళ్ల కిందటి బండ్లను తలచుకుని వేసింది. ఇవాళ దాని మీద పోతున్నవి జామాయిల్ కర్ర లారీలు, కంకర టిప్పర్లు.

డబ్బు మాటా వచ్చింది. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెట్రోలు, డీజిలు మీద లీటరుకు ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. పెట్రోలు బంకులో రెండు లీటర్లు పోయించుకున్న కుర్రాడు కూడా రోడ్డుకు రెండు రూపాయలు కట్టినట్టు. రోడ్డు ఎవరో దయతో వేసేది కాదు, తాను కొనుక్కున్నది అని అతనికి తెలియాలి. తెలిస్తే అడుగుతాడు. అడిగినప్పుడు కొత్త రోడ్డు ఒక్కటే కాకుండా, ఉన్న రోడ్డు పక్కన తూము ఎప్పుడు తీశారనీ అడుగుతాడు.

రెండు గంటలకు పల్లె దారిలోకి మళ్లారు. రాయి తల నారింజ రంగు. 2000 డిసెంబరు 25న మొదలైన గ్రామ సడక్ యోజన వల్ల మైదాన ప్రాంతాల్లో అయిదు వందల జనాభా దాటిన ఊళ్లకు తారు దారికి అర్హత వచ్చింది. మూడు ముప్పావు మీటర్ల వెడల్పు. ఎదురుగా బస్సు వస్తే బండి బెర్మ్ మీదికి దిగాల్సిందే. ఆ పథకంలో ఒక మంచి పద్ధతి ఉంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు దాని బాగోగులు చూడాలి. ఆ ఒప్పందం మొదటిరోజే రాసుకుంటారు. పుట్టబోయే బిడ్డకు పాలబువ్వ లెక్క ముందే వేసినట్టు. కష్టం ఆరో ఏడు నుంచి మొదలవుతుంది. అప్పటికి రోడ్డు చూపరులకు బాగానే ఉంటుంది. పైన సన్నపొర వేయాల్సిన సమయం కూడా అదే. బాగున్న రోడ్డుకు డబ్బెందుకు, చెడిపోయినవి బోలెడున్నాయి కదా అని పక్కన పెడితే, ఇంకో రెండు మూడు వానలకు అది కూడా చెడిపోయిన వాటి వరసలో చేరుతుంది.

ఈ దారి సగం ఎర్రనేల మీద, సగం నల్లరేగడి మీద పోతోంది. ఎక్కడ నేల మారిందో పక్క చేలు చూడకుండా రోడ్డు చూసే చెప్పొచ్చు. ఎర్రనేల మీద తిన్నగా ఉన్న రోడ్డు, రేగడి మొదలవగానే అలల్లా లేచి పడుతోంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఏటా రోడ్డును కిందనుంచి ఒకసారి ఎత్తి, ఒకసారి దింపుతుంది. అందుకే రేగడి మీద రోడ్డు వేసేటప్పుడు కింద మందంగా గ్రావెల్ పోయాలి, పక్క కాలువలు లోతుగా తీయాలి. ఇక్కడా చివరికి నీళ్ల మాటే.

ఒక రైతు ట్రాక్టరుకు దమ్ము చక్రాలు తగిలించుకుని ఎదురొచ్చాడు. ఆ ఇనప పళ్లు తారు మీద గాట్లు పెడుతూ వస్తున్నాయి. మేస్త్రీ చెయ్యెత్తాడు.

"ఏం పెద్దాయనా, చక్రాలు ఊడదీసుకుని రావచ్చు గదా."

"రెండు పర్లాంగులే గదా అబ్బయ్యా. ఊడదీసి బిగించేసరికి పొద్దు పోతది."

"నీది రెండు పర్లాంగులే. ఊళ్లో ఇట్టాంటి ట్రాక్టర్లు ఎన్ని?"

పెద్దాయన ఇంజను ఆపాడు. వెనక్కి తిరిగి తన చక్రాలు వేసిన గాట్లు చూశాడు. మాట్లాడకుండా ట్రాక్టరును బెర్మ్ మీదికి దింపి నెమ్మదిగా పోనిచ్చాడు. పైనున్న ప్రతి గాటూ రేపటి పగులే. ఈ రోడ్డు కోసం ఈ ఊరి జనమే ఒకప్పుడు ఎంతమంది నాయకుల చుట్టూ తిరిగి ఉంటారో. వచ్చాక దాన్ని సర్కారుదని వదిలేశాం.

నాలుగున్నరకు చప్టా చేరారు. వాగులో ఇప్పుడు చీలమండ లోతున నీళ్లు పారుతున్నాయి. చప్టా పక్కన గార్డు రాళ్లు వరసగా ఉన్నాయి, రెండు ఊడిపోయాయి. రాళ్ల మధ్య చిక్కుకున్న గడ్డి పరకలు చూస్తే మొన్న నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తెలుస్తుంది. మీ నడుం దాటింది.

ఈ నేలకు వాన తక్కువే. కానీ వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర దాటింది. తుఫాను కోస్తాకు వచ్చిందంటే పడమట కొండల్లోనూ వాగులు పొంగుతాయి. చప్టా మీద అడుగు లోతున వడిగా పారే నీళ్లు చిన్న కారును పక్కకు నెట్టగలవు. అప్పుడు అవతలి ఊరు నాలుగు వైపులా నేలే ఉన్నా దీవి అయిపోతుంది. సముద్రంలో ఉన్న దీవికి పడవైనా ఉంటుంది. ఈ దీవికి ఏమీ ఉండదు. బియ్యం ఆగినా ఫర్వాలేదు, నొప్పులు ఆగవు కదా.

చప్టా తీసి హైలెవల్ వంతెన కట్టడం అభివృద్ధి. అది కావాలి, గట్టిగా అడగాలి కూడా. వంతెన వచ్చేదాకా ఊడిన రెండు గార్డు రాళ్లు తిరిగి పాతడం, వాటికి సున్నం కొట్టడం, నీటి లోతు తెలిపే కొలత స్తంభం కనబడేలా ఉంచడం నిర్వహణ. చీకట్లో చప్టా అంచు ఎక్కడో తెలియక వాగులో పడ్డ మనిషి ప్రాణానికి వంతెన ఎంత అవసరమో, ఆ తెల్ల రాయి కూడా అంతే అవసరం. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తీసి రాసుకున్నాడు: గార్డు రాళ్లు, రెండు.

తిరుగు దారిలో మేస్త్రీ తండ్రి సంగతి వచ్చింది. ఆయన మైలు కూలీ. మైలుకు ఇంతమందని మనుషులుండేవాళ్లట. పార, తట్ట భుజాన వేసుకుని తెల్లారి బయల్దేరి తమ మైలు అంతా తిరిగేవాళ్లు. గుంత పడితే కంకర వేసి దిమ్మిస కొట్టడం, బెర్మ్ మీద గడ్డి చెక్కడం, వాన పడుతుండగానే గొంగడి కప్పుకుని పోయి నీళ్లు ఎక్కడ ఆగాయో చూసి పారతో దారి తీయడం.

"వానలోనే తెలుస్తది సార్ రోడ్డు సంగతి. ఎండలో అన్ని రోడ్లూ మంచియే," అన్నాడు మేస్త్రీ.

ఆ మనుషులు ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్లు చేసే పనులు చాలామటుకు టెండర్లలోకి వెళ్లాయి. టెండరు తప్పు కాదు. యంత్రాలూ, వేడి మాలూ, లెక్కా అన్నీ దాంతో వస్తాయి. కానీ టెండరు గుంత పడ్డాక వస్తుంది. మైలు కూలీ గుంత పడకముందే వచ్చేవాడు. రోజూ ఒకే రోడ్డు చూసే కంటికి నిన్న లేని పగులు ఇవాళ కనిపిస్తుంది. నెలకోసారి జీపులో పోయే కంటికి అది కనపడదు.

పొద్దు వాలేసరికి మళ్లీ స్టేషన్ దగ్గరికి చేరారు. ఉత్తరాన మబ్బు కమ్మింది. పట్టాల మీద మళ్లీ ఎవరో నడుస్తున్నారు, చేతిలో టార్చి. వాన పడే రాత్రుల్లో రైల్వే వాళ్లు గస్తీ తిరుగుతారు, కట్ట కోసుకుపోయిందేమో, వంతెన కింద నీళ్లు ఎంత వచ్చాయో చూసుకుంటూ. పొద్దున చూసిన కీమ్యాన్ నడక ఇప్పుడు మీకు ఇంకోలా కనిపిస్తుంది. పట్టాకు, రోడ్డుకు పెద్ద తేడా లేదు. రెండింటి కిందా ఉన్నది ఈ నేలే, రెండింటికీ శత్రువు నిలిచిన నీళ్లే. పట్టాకు రోజూ నడిచే మనిషి ఉన్నాడు. దాని పక్కనే పోయే రోడ్డుకు లేడు.

పది కిలోమీటర్ల రోడ్డుకు ఇద్దరు మనుషులు చాలు. రెండు పారలు, ఒక తట్ట, ఒక సైకిలు, ఫోటో తీసి పంపడానికి ఒక ఫోను. ఆ ఊరి వాళ్లే అయితే ఇంకా మంచిది. వాళ్ల పిల్లలు పోయేది కూడా ఆ దారినే. ఎన్ని కోట్లు పెట్టి రోడ్డు వేసినా దాని మీద ఒక మనిషి కన్ను లేకపోతే అది వేసిన రోజు నుంచే పోవడం మొదలుపెడుతుంది. ఈ రోజంతా తిరిగాక నాకు అర్థమైంది ఇదే, మీరూ నమ్మాలని నా కోరిక.

ఏడు దాటాక వాన మొదలైంది. సన్నగా మొదలై పెద్దదైంది. మేస్త్రీ బండి తీశాడు. "ఒక్కసారి పోయొద్దాం సార్, మీకు చూపించాలి." తల మీద సంచి కప్పుకుని ఆయన వెనక కూర్చున్నారు మీరు. ఆరు బై నాలుగు దగ్గర ఆపి హెడ్‌లైటు అలాగే ఉంచాడు. పొద్దున పూడ్చిన చతురం తడికి మెరుస్తోంది. దాని మీద పడిన చినుకు ఒక్క క్షణం ఆగి, మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి బెర్మ్ మీదికి, బెర్మ్ మీది గండిలోంచి కాలువలోకి జారుతోంది. కొంచెం ముందుకు నడిస్తే చీకట్లో తూము చప్పుడు వినిపించింది. గలగలమని, ఏ అడ్డూ లేకుండా.

తర్వాతి గండి దగ్గర మాత్రం ఏదో కొమ్మ అడ్డం పడి నీళ్లు ఆగాయి. మేస్త్రీ చెప్పులు విడిచి దిగాడు. కాలితో కొమ్మను తోసి, మడమతో మన్ను గీరాడు. ఆగిన నీళ్లు కదిలి కాలువలోకి పోయాయి. ఆయన అక్కడే నిలబడి, నీళ్లన్నీ దిగిపోయేదాకా చూశాడు.